జాగ్రత్త తల్లీ

ఎంటెక్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో నలభై దాటింది ఆవిడొక్కతే, అందరికీ పిన్నే. ప్రోగ్రాం రాసి, తర్వాత చదివేవాళ్ల కోసం పక్కనే నాలుగు మాటలు రాయందే ఆవిడకి ముద్ద దిగదు. "ఇదంతా ఎవరు చదువుతారు పిన్నీ?" అని కుర్రకారు ఒకటే నవ్వు.

ఆఖరి నెలలో మేష్టారు రాసినవాళ్ల పేర్లు తీసేసిన పాత ప్రోగ్రాములు తలా ఒకటిచ్చి, బాగుచేయమన్నారు. "ఏ దరిద్రుడు రాశాడో!" అని గదంతా తిట్టిపోసింది.

"ఎవరిది వాళ్లకే ఇచ్చాను. మొదటి ఏడాది మీరు రాసినవే," అన్నారాయన చల్లగా.

తిట్టినవాళ్లంతా మళ్లీ తెరల్లోకి తొంగిచూశారు. పిన్ని మాత్రం తెరవగానే తనదని పోల్చుకుంది. తెర మీద తన మాటలే: "ఇక్కడ తేదీలు తారుమారవుతాయి, జాగ్రత్త తల్లీ!"

"అలాగేనమ్మా," అని తనకు తానే బదులిచ్చి, పిన్ని పనిలో పడింది.