నేను వెళ్లని న్యూయార్క్

నవ్వనంటే చెప్తా. మొన్న శనివారం స్టేట్ టాక్స్ రిటర్న్ పుణ్యమా అని అత్తామామల ముందు నా పరువు మొత్తం పోయింది. అదీ ఎవరో తీయలేదు, నా నోటితో నేనే తీసుకున్నా!

మేముండేది పక్క రాష్ట్రంలోని ప్లెయిన్స్‌బరోలో, నా ఆఫీస్ న్యూయార్క్‌లో. అందుకని ఏటా న్యూయార్క్‌కి నాన్ రెసిడెంట్ రిటర్న్ ఒకటి ఫైల్ చేయాలి. గురువారం ఒక్కరోజు ఆఫీస్‌కి వస్తే చాలు, మిగతా రోజులు నీ ఇష్టం అన్నాడు మా మేనేజర్. హాయిగా ఉన్నా. ఇంతలో దసరా ముందు మా అత్తయ్య, మామయ్య వచ్చారు. మామయ్య ఆడిట్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యారు. మంచి మనిషే, కానీ ఆయనకి మాట్లాడకపోతే తోచదు. నేను మీటింగ్‌లో ఉంటే పక్కనే కుర్చీ వేసుకుని, "ఆ అమ్మాయి చెప్పిందే కరెక్ట్ బాబూ, నువ్వే పొరపాటు" అనేవారు. నేను మ్యూట్‌లో కూడా లేను! రెండు వారాలు ఓర్చుకున్నా. మూడో వారం మొహం వేలాడేసుకుని, "ఇకనుంచి మంగళ, బుధ, గురు... మూడు రోజులూ ఆఫీస్‌కి రమ్మంటున్నారు" అని ప్రకటించా.

మంగళ, బుధవారాలు నేను వెళ్లింది మా ఊరి లైబ్రరీకి. కార్లో ఐదు నిమిషాలు. పాపం అత్తయ్య, "అంత దూరం ట్రైన్‌లో పడి వెళ్తాడు" అని చీకటితోనే లేచి బాక్స్ కట్టేవారు. ఆ పులిహోర పార్కింగ్ లాట్‌లో కూర్చుని తినేవాణ్ణి. సిగ్గేసేది. అయినా మెతుకు మిగల్చలేదు.

మొన్న మా టాక్స్ చూసే ప్రసాద్ గారు ఫోన్ చేశారు. నా ఖర్మ, స్పీకర్‌లో పెట్టా.

"సార్, న్యూయార్క్‌లో పని చేసిన రోజులెన్ని, బయట చేసిన రోజులెన్ని? ఫారంలో రాయాలి."

నేను నోరు తెరిచేలోపే మామయ్య, "నా దగ్గర రికార్డుంది!" అని లోపలికి పరిగెత్తి డైరీ తెచ్చారు. కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. "మంగళవారం. అల్లుడు న్యూయార్క్. పులిహోర. బుధవారం. అల్లుడు న్యూయార్క్. పెరుగన్నం, మాగాయ."

ఊరుకుంటే పరువు దక్కుతుంది. కానీ ఫారం కింద సంతకం నాది. పైగా బయట చేసిన రోజులు పెరిగితే టాక్స్ తగ్గుతుందన్న ఆశ! గొంతు సవరించుకుని, "మంగళ, బుధ వెళ్లలేదండీ. ఇక్కడే లైబ్రరీలో పని చేశా" అన్నా.

వాళ్ల అమ్మానాన్నల ముందు నన్ను 'మీరు' అనే నా భార్య లావణ్య టక్కున 'నువ్వు'లోకి దిగింది. "డిష్‌వాషర్ లీకై ఇల్లంతా నీళ్లొచ్చిన రోజు ట్రైన్‌లో ఉన్నానన్నావు!"

ఫోన్‌లో ప్రసాద్ గారు ఆగట్లేదు. "బయట ఎందుకు చేశారు సార్? కంపెనీ అవసరమా, మీ సౌకర్యమా?"

మామయ్య వైపు చూశా. ఆయన డైరీ వైపు చూస్తున్నారు. "నా... సౌకర్యమే" అన్నా.

"అయితే రూల్ ప్రకారం అవీ న్యూయార్క్ రోజుల కిందే లెక్క సార్. ఒక్క పైసా తగ్గదు."

అంటే న్యూయార్క్ స్టేట్ దృష్టిలో నేను మూడు రోజులూ న్యూయార్క్‌లోనే ఉన్నా. నమ్మనిది మా ఇంట్లో వాళ్లే!

మామయ్య డైరీ మూసి కళ్లజోడు తీసేశారు. నాకు నిజంగా బాధేసింది. తర్వాత మెల్లగా, "ఆ లైబ్రరీలో తెలుగు పేపర్ వస్తుందా బాబూ? నాకూ ఇంట్లో తోచట్లేదు. నోరు మెదపను, ఒట్టు" అన్నారు.

మంగళవారం అత్తయ్య రెండు బాక్సులు కట్టారు. మామయ్య మాట మీద నిలబడ్డారు, ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను కాల్‌లో ఏదైనా అన్నప్పుడల్లా చీటీ రాసి ముందుకు తోశారు: "నువ్వే పొరపాటు."

సాయంత్రం ఆయన డైరీలో చూశా: "మంగళవారం. అల్లుడితో న్యూయార్క్ వెళ్లొచ్చాను. కార్లో ఐదు నిమిషాలు."