ఏ చక్రవర్తి మూడో ఏడు?

కనజావాలోని చిన్న మ్యూజియంలో కురాతా పని, పాత కాగితపు బొమ్మలు ఎప్పటివో, ఎవరు మడిచారో తేల్చడం. ఏ బొమ్మ చేతికొచ్చినా ముందు వాసన చూస్తాడు, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటాడు, తర్వాత బుర్ర గోక్కుంటాడు. వేసిన తేదీని వారం తిరక్కుండా తనే చెరిపేస్తాడు. ఆ ఉదయం తొమియె బామ్మ, ఇనే అనే తన నానమ్మ మడిచిన కాగితపు మిఠాయి పెట్టె తెచ్చింది. "మధ్యాహ్నం ప్రదర్శనలో పెట్టి, ఆవిడ పేరు రాయి నాయనా," అంది. తేదీ కోసం, బామ్మ సరేనన్నాకే, కురాతా పెట్టె విప్పాడు. ఆ కాగితం లోపలి వైపు ఎవరో రాసిన ఉత్తరం. చివర్న "మూడో ఏడు, వసంతం" అని మాత్రం ఉంది. చక్రవర్తి మారినప్పుడల్లా ఏళ్లు మళ్లీ ఒకటి నుంచే కదా, ఇది ఎవరి మూడో ఏడు?

"మీ నానమ్మ కాలంలో ముగ్గురు చక్రవర్తులు, ఎవరిదైనా కావచ్చు బామ్మగారూ."

"ఎవరిదైతే ఏం? నానమ్మ ఏ చిత్తుకాగితం దొరికితే అది మడిచేది."

అంటే ఆ తేదీ కాగితానిదే, మడతది కాదు. పోనీ పేరైనా రాద్దామని పెట్టె మళ్లీ మడవబోతే కురాతాకి చేతకాలేదు. "ఇంత చదువూ ఎందుకయ్యా," అంటూ బామ్మ లాక్కుని, కిటికీ బయటి వాన చూస్తూనే మడిచేసింది. అతను ఇంకా అయోమయంలో పడ్డాడు.

"ఇప్పుడు మడిచింది మీరు కదండీ. ఆవిడ పేరెలా రాయను?"

బామ్మ పెట్టె అంచుని వేలితో నిమిరింది. "నేను కొత్తగా ఒక్క మడతా వెయ్యలేదు నాయనా. ఆవిడ వేసిన గీతల మీదే అన్నీ వంగాయి."

కురాతా ప్రదర్శన చీటీ మీద తేదీ గడి ఖాళీగా వదిలేసి, మడిచినవారి గడిలో ఇనే అని రాశాడు.