నాలుక కట్టిన గంట

కిందటి నెల నేపర్‌విల్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో భోజనాలు పెట్టుకున్నారు. వంటింటి గట్టు మీద వరసగా గిన్నెలు, ప్రతి గిన్నె ముందూ ఒక చిన్న అట్టముక్క, దాని మీద ముద్దుగా రాసిన అక్షరాలు: ఇందులో జీడిపప్పు ఉంది, ఇందులో పాలున్నాయి, ఇది కారం, ఇది మాంసం. చక్కెరపొంగలి ముందున్న అట్ట మీద మాత్రం ప్రసాదం అని ఇంగ్లీషులో రాసి ఉంది. మా ఆవిడ వైపు బంధువు ఒకాయన, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే పెద్దమనిషి, గరిటె అందుకోబోయి, కళ్ళజోడు సర్దుకుని ఆ అట్ట చదివి, గరిటె అక్కడే ఉంచేసి పెరుగన్నం వైపు జరిగారు. ఎవరూ గమనించలేదు. నేను మాత్రం ఆ గరిటె వంక చూస్తూ నిలబడిపోయాను. నలభై ఏళ్ళకు పైగా వెనక, ఈ చుట్టుపక్కలే ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో, ఆ అట్టముక్క చేసిన పనే నా నోరు చేసింది.

డెబ్బైల చివరి సంగతి. నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజీల పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాణ్ణి, మా ఆవిడ షికాగోలో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను పూజ కాకుండా పొయ్యి దగ్గర నుంచి గిన్నె కదలని ఇంట్లో పుట్టాను, ఆమె గుంటూరు వైపు ఒక మిషన్ స్కూలు పంతులుగారి కూతురు. ఆ రోజుల్లో అలాంటి పెళ్ళి అంటే ఏమిటో మన తరంవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో, నా ఆఫీసు మిత్రులిద్దరు సాక్షులుగా, ఒక మధ్యాహ్నం అయిపోయింది. మా అమ్మ ఏడాది పాటు అలిగి, ఆ తరవాత పాప పుట్టిందనగానే ఆవకాయ జాడీతో సహా వచ్చేసింది. మా మామగారు అలగలేదు, కోప్పడలేదు, కేవలం ఉత్తరాలు మానేశారు. మా ఆవిడ నెలనెలా రాస్తూనే ఉండేది.

నా మటుకు నాకు దేవుడి విషయంలో ఏ ఇబ్బందీ ఉండేది కాదు, ఎందుకంటే నా దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. ఏ సంగతినైనా ఒకటి, రెండు, మూడు అని వేసుకుని ఆలోచించే అలవాటు అప్పట్లో నాకు విపరీతం. ఒకటి, ఎక్స్‌చేంజీ ఒకటే. రెండు, దానికి వచ్చే లైన్లు అనేకం. మూడు, ఎవరు ఏ లైను మీద పిలిచినా మోగే గంట ఒకటే. అందుకని మా ఇంట్లో వంటింటి అలమరలో వెంకటేశ్వరస్వామి పటం, హాల్లో గోడకు చెక్క శిలువ, రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఉండేవి. మా ఆవిడ ఈ సిద్ధాంతం విని, బాగుంది గానీ మా నాన్న ముందు మాత్రం చెప్పకండి అని నవ్వేది.

ఆయన ముందు చెప్పే రోజు వస్తుందని మేమిద్దరం అనుకోలేదు. ఏవో చర్చి సభలకని ఈ దేశం వచ్చిన ఆయన, ఉన్నట్టుండి ఫోన్ చేసి, ఒహాయోలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళుతూ దారిలో వారం రోజులు మా దగ్గర ఆగుతానన్నారు. మనవరాలిని చూడాలన్నారు తప్ప కూతురి మాటెత్తలేదు. మా ఆవిడ ఫోన్ పెట్టేసి చాలాసేపు దుప్పట్లు మడతపెట్టింది. చివరికి, మా నాన్న మనింట్లో ఒక్క ముద్ద తిని వెళితే చాలు, ఇంకేమీ అడగను అంది. తినకుండా వెళితే మళ్ళీ రారని ఆమెకు తెలుసు. ఎవరింట తిన్నామో వాళ్ళతో తెగిపోలేం, అది ఆయన లెక్క.

ఆమె ఆయనను విమానాశ్రయం నుంచి తెచ్చి, పాపను ఒళ్ళో పెట్టి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మంచు మొదలైంది. తెల్లారేసరికి పార్కింగులో నా కారు ఎక్కడుందో యాంటెన్నాను బట్టి గుర్తుపట్టవలసి వచ్చింది. రోడ్లు మూసేశారు, రైళ్ళు ఆగిపోయాయి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను అక్కడే ఉండిపొమ్మన్నారు. రెండు గదుల ఇంట్లో మా అమ్మ, మా మామగారు, పాప, నేను మిగిలాం.

అప్పటికే నేను చేయవలసింది చేసేశాను. మంచు మొదలైన ఆ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకుని, స్కూల్లో వెనక బెంచీకి కూడా వినపడే గొంతుతో సుదీర్ఘంగా ప్రార్థన చేశారు. మా అమ్మ గరిటె పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. ఆయన ఆమేన్ అని అన్నంలో చెయ్యి పెట్టబోతుంటే, ఆయనను గౌరవించే మాట ఏదైనా అనాలని నాకు అనిపించింది. అనేశాను. ఇదంతా స్వామికి నివేదన చేసిన వంటేనండీ, మా అమ్మ ఆయనకు పెట్టకుండా ఎవరికీ పెట్టదు అని. మా వైపు అంతకన్నా పెద్ద మర్యాద లేదు. ఆయన చెయ్యి పళ్ళెం మీదనే ఆగి, మెల్లగా వెనక్కి వెళ్ళింది. ప్రయాణం బడలిక, ఆకలిగా లేదండీ అన్నారు. తరవాత రెండు బ్రెడ్డు ముక్కలు, పాలు తీసుకున్నారు.

మర్నాడూ అంతే, లోపల నివేదన గంట మోగింది, ఇక్కడ ఆయన బ్రెడ్డే తీసుకున్నారు. మా అమ్మకు మొదట కారం ఎక్కువైందేమోనని అనుమానం. పప్పు చప్పగా వండింది. దాన్నీ ఆయన ముట్టలేదు. అప్పుడు నన్ను వంటింట్లోకి లాగింది.

"ఏరా, మన చేతివంట ఆయనకి పనికిరాదా? ఆ రబ్బరులాంటి బ్రెడ్డు ముక్కలకంటే హీనమా నా పప్పు?"

నేను ఆమెకు ఆయన మతం సంగతి, విగ్రహానికి పెట్టినది వాళ్ళు తినరన్న సంగతి చెప్పాను. హాల్లోకి వచ్చి ఆయనకు ఆమె నియమం సంగతి చెప్పాను. మళ్ళీ లోపలికి వెళ్ళాను. అది ఎన్ని అంగల ఇల్లని, కానీ ఆ రెండు రోజులూ నేను నడిచినంత దూరం ఎప్పుడూ నడవలేదు. కిటికీలో సగం దాకా మంచు, తలుపు తీస్తే గడప ఎత్తున మంచు. బయటికి వెళ్ళి ఊపిరి పీల్చుకుందామన్నా దారి లేదు.

మధ్యలో ఆసుపత్రి నుంచి మా ఆవిడ ఫోన్. నాన్న తిన్నారా అని అడిగింది. బ్రెడ్డు తిన్నారన్నాను. బ్రెడ్డా అని, వెనక ఎవరో ఫోన్ కోసం నిలబడ్డారని పెట్టేసింది.

నా సిద్ధాంతం తీసుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. దేవుడు ఒక్కడే కదండీ అన్నాను. ఆయన పాపకు వేలు అందించి ఆడిస్తూ, ఒక్కడే బాబూ, అందుకేగా ఇంకొకరికి పెట్టింది తిననిది అన్నారు. లోపలికి వెళ్ళి అదే మాట మా అమ్మతో అన్నాను. ఒక్కడేరా, ఎవరు కాదన్నారు, ఆయనకి ముందు పెట్టాలనే కదా నేనూ చెప్పేది అంది. దేవుడొక్కడే అన్న విషయంలో ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం. ఇరుక్కున్నది అక్కడే.

ఇక దారులు లెక్కపెట్టుకున్నాను. ఒకటి, ఆయన ముందు తినడం. అప్పుడు గిన్నెలో మిగిలింది ఎంగిలి, అది స్వామికి పనికిరాదు. రెండు, స్వామికి ముందు పెట్టడం. అది ఈయనకు పనికిరాదు. మూడు, నివేదనకు ముందే ఆయన వాటా వేరే గిన్నెలోకి తీసి ఉంచడం. ఇదే గొప్ప పరిష్కారమనుకుని మా అమ్మ దగ్గరికి పరుగెత్తాను. నివేదన కానిది అన్నం కాదురా, ఉత్త మెతుకులు, ఇంటికొచ్చిన వియ్యంకుడికి మెతుకులు పెట్టమంటావా అంది. ఆమెను బతిమాలే ముందు ఆయనను అడుగుదామని ఇవతలికి వచ్చాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు, కోపం లేకుండానే జవాబిచ్చారు.

"వేరే తీసి పెట్టడం మాకు కొత్త కాదు అల్లుడుగారూ. మా నాన్న అలా చాలా ఇళ్ళలో తిన్నాడు, అరుగు మీద కూర్చుని. నేను అలా తిననని ఆయనకి మాటిచ్చాను."

అంతవరకూ మతం ఒక్కటే అడ్డమనుకున్నాను. మా కంపెనీలో ఇలాంటి చిక్కుకు ఒక పేరుండేది. ఒక లైను ఖాళీ అయితే తప్ప రెండోది కదలదు, రెండోది కదిలితే తప్ప మొదటిది ఖాళీ కాదు. అప్పుడు మేము రెండింటినీ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఈ ఇద్దరినీ ఆపి మొదలుపెట్టే మీట ఎక్కడుందో ఏ చదువులోనూ నాకు చెప్పలేదు.

మూడోరోజు పొద్దున బ్రెడ్డు అయిపోయింది. ఆయన ఖాళీ కడుపునే షుగరు జబ్బు బిళ్ళ వేసుకున్నారు. మధ్యాహ్నం కావస్తుండగా పాపను ఎత్తుకుని ఉన్న మనిషి, ఉన్నట్టుండి బాబూ పట్టుకో అని నా చేతికిచ్చి సోఫాలో కూలబడ్డారు. చేతులు వణుకుతున్నాయి, నుదురంతా చెమట. గబగబా పాలల్లో పంచదార కలిపి ఇచ్చాను. కాస్త తేరుకున్నాక, ఈ మంచు కరగ్గానే బస్సెక్కి ఒహాయో వెళ్ళిపోతానన్నారు. ఆ మాటతో నాకు దుప్పట్లు మడతపెడుతున్న మా ఆవిడ కనిపించింది. అమ్మాయికి ఏమని చెప్పమంటారండీ అని అడిగాను. నా గొంతులో ఏం వినిపించిందో, ఆయన నా వంక చూసి మొదటిసారి నవ్వారు.

"తప్పంతా నీదేనయ్యా. నువ్వు చెప్పకపోతే హాయిగా తినేవాణ్ణి."

అర్థం కాలేదన్నాను. అప్పుడు ఆయన క్లాసులో చెప్పినట్టే విడమరిచి చెప్పారు. బైబిలు వాక్యంలో ఉన్నదేమిటంటే, ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినమని, ఎక్కడిది ఏమిటి అని కూపీలు తీయొద్దని. ఇది ఫలానా దేవుడికి పెట్టిందయ్యా అని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దని.

"ఆవిడ అలమర తలుపు వెనక ఏం చేసుకుంటారో నాకెందుకు? నేను అడగను. కానీ నువ్వు చాటింపు వేశావు. పైగా ఆ గంటొకటి. గంట కొట్టాక చెప్పలేదని ఎలా అనుకోను?"

వంటింటికీ హాలుకూ మధ్య ఉన్నది గుడ్డ తెర. లోపల కుక్కరు కూత ఆగింది. గిన్నె మూత తీసిన చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వచ్చాయి. ఆ తరవాత ఇత్తడి గంట మోగాలి. మా ఇద్దరి చూపులూ తెర మీదే ఉన్నాయి. గంట మోగలేదు. చాలాసేపటి తరవాత మా అమ్మ తెర పక్కకు తీసింది.

"రండి అన్నయ్యగారూ, వడ్డించాను."

ముగ్గురికీ ఒకే గిన్నెలోంచి, ఒకే గరిటెతో వడ్డించింది. ఆయన లేచి వచ్చి బల్ల ముందు కూర్చుని, పళ్ళెం చూసి, నా వైపు తిరిగారు.

"ఏమిటి అల్లుడుగారూ ఇవాళ వంట?"

"పప్పు, క్యాబేజీ కూర, చారు అండీ."

"ఇంకేమైనా చెప్పాలా?"

నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది ఆ క్షణంలోనే. ఏమీ లేదండీ అన్నాను. ఆయన తలూపి కళ్ళు మూసుకున్నారు. వెనక బెంచీకి వినిపించే ఆ గొంతు ఆ రోజు లేవలేదు, పెదవులు మాత్రం కదిలాయి. మా అమ్మ గరిటె పట్టుకుని, తల కొంచెం వంచి నిలబడింది. తరవాత ఆయన పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కాసేపటికి, చారు ఇంకొంచెం పోయి చెల్లెమ్మా అన్నారు. అంతవరకూ అమ్మగారూ అనేవారు.

రోడ్లు తెరిచాక మా ఆవిడ వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింట్లోకి తొంగిచూసింది. సింకులో మూడు ఎంగిలి పళ్ళేలున్నాయి. తండ్రిని ఏమీ అడగలేదు, ఆ పళ్ళేలన్నీ తనే కడిగింది. మర్నాడు నేను అలమరలో దీపం సర్దుతూ గంట చేతిలోకి తీసుకుంటే అది మోగలేదు. బోర్లించి చూస్తే దాని నాలుకకు తెల్ల నూలుదారం మందంగా చుట్టి, ముడివేసి ఉంది. నివేదన ఆగలేదన్నమాట. మా అమ్మను అడగబోయి ఊరుకున్నాను, అప్పటికి ఆ మాత్రం నేర్చుకున్నాను. ఆయన ఒహాయోకి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ మా ఇంటికే వచ్చారు. ఆ తరవాత ఆయన వచ్చిన ప్రతిసారీ ఆ గంటకు దారం ఉండేది, ఆయన ప్రార్థనకు గొంతు ఉండేది కాదు. ఎక్స్‌చేంజీ సిద్ధాంతం నేను మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. గంట మా అమ్మాయి ఇంట్లో ఉంది, దారంతో సహా. కథ విన్నప్పుడు సో స్వీట్ డాడీ అని, ఆ దారం విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టుకుంది. పూజకు గంట శబ్దం ఫోన్‌లోంచి వస్తుంది, గోడకు వాళ్ళమ్మ ఇచ్చిన చెక్క శిలువ ఉంది, ఆ ఇంట్లో ఎవరికీ దేనితోనూ పేచీ లేదు.

ఆ రోజు భోజనాల దగ్గర నేను ఆ ప్రసాదం అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాను. మా అమ్మాయి రెండు నిమిషాల్లో పట్టేసింది. "డాడీ, కార్డ్ మీరు తీశారా? తినేవాళ్ళకి తెలియాలి కదా, ఇట్స్ ఓన్లీ ఫెయిర్" అంది. నిజమే. జీడిపప్పు పడనివాడికి జీడిపప్పు సంగతి చెప్పాలి, ఇదీ చెప్పాలి. దాచిపెట్టి తినిపించడం మర్యాద అని నేను మాత్రం ఎలా అనగలను? తీసిచ్చేశాను. అడగని మనిషి, చెప్పని మనిషి, ఇద్దరూ అన్నీ తెలిసే ఒక బల్ల ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నాన్ని ఏ అట్ట మీద రాయాలో నాకు తెలియలేదు.

వెళ్ళేముందు ఆ పెద్దమనిషి చెయ్యి కడుక్కుంటూ, పొంగలి చాలా బాగా కుదిరిందటగా అన్నారు నాతో. బాగుందండీ అన్నాను. అంతకు మించి చెప్పడానికి గానీ, చెప్పకుండా ఉండడానికి గానీ, ఆ అట్టముక్క నాకేమీ మిగల్చలేదు.