పెళ్ళిపీటల మీద తెగిన కుట్లు

రేపల్లె నుంచి తెనాలి దాకా రైల్లో నిలబడే వెళ్ళానని, నా సీటు ఒక గర్భిణికి ఇచ్చేశానని ఊళ్ళో చెప్పుకున్నాను. డెబ్బై దాటినవాడికి అది గొప్పే కదా. నిజానికి పెట్టె సగం ఖాళీ. గర్భిణి ఎవరూ లేరు. ముడ్డిపూస మీద లేచిన గడ్డ నన్ను కూర్చోనివ్వలేదు. ఆ ఉదయమే లుంగీకి చీము అంటింది.

తెనాలిలో సర్జన్ చూసి, "పైలోనిడల్ సైనస్ అండి. వెంట్రుకలు లోపలికి గుచ్చుకుని సొరంగంలా అయింది. మామూలుగా కుర్రాళ్ళకు వస్తుంది" అన్నాడు. కుర్రాళ్ళ జబ్బు అన్నందుకు కాస్త మురిశాను కూడా.

"తీసేయడం సరేనండి, గాయం ఎలా మూయాలన్నదే తేల్చుకోవాలి" అంటూ విడమరిచాడు. ఓపెన్‌గా వదిలేస్తే అడుగు నుంచి పూడుతుంది, నెలలు పట్టొచ్చు, రోజూ డ్రెస్సింగ్ చేయాలి. నడిమధ్యన కుట్టేస్తే త్వరగా మానొచ్చు, కానీ కుట్లు ఊడే భయం, జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ. ఫ్లాప్ అంటే పక్క చర్మాన్ని తిప్పి, కుట్టు మధ్యలో పడకుండా మూయడం. కోత పెద్దది. ఆయన ఫ్లాప్ వైపే మొగ్గాడు.

"డ్రెస్సింగ్ ఎవరు చేస్తారు బాబూ?"

"ఇంట్లోవాళ్ళకు నేర్పిస్తామండి."

మా ఆవిడ చేత అక్కడ కట్టు కట్టించుకోవడమా? ఫ్లాప్ పేరు చెప్పి మంచాన పడితే ఎక్కడ కోశారని ఊరంతా అడగదూ? మధ్యలోనే కుట్టేయమన్నాను. "సరే, నేను చెప్పేదాకా కింద కూర్చోకూడదు" అన్నాడు. వెంట వచ్చిన మా ఆవిణ్ణి డాక్టరు గదిలోకి రానివ్వలేదు. గడ్డ కోశారని ఆవిడకు, నడుములో డిస్క్ ఆపరేషన్ అని ఊరికి చెప్పాను.

కుట్లు మానకముందే బాపట్లలో మేనకోడలి పెళ్ళి. తండ్రి లేని పిల్ల.

"నువ్వూ వదినా పీటల మీద కూర్చోవాలన్నయ్యా" అంది చెల్లెలు. "నడుమేగా, కాసేపు ఓర్చుకో."

ఆ 'నడుము' నేనిచ్చిందే. కూర్చుంటానన్నాను.

"డాక్టరు ఒప్పుకున్నాడా?" అని మా ఆవిడ అడిగింది. ఒప్పుకున్నాడన్నాను.

పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి వంగినప్పుడు వెనక పుటుక్కుమంది. వెచ్చగా తడి తగిలింది. పళ్ళు బిగబట్టి కన్యాదానం పూర్తి చేశాను. ముసలాయన ఎంత నిష్ఠగా కూర్చున్నాడో అని నలుగురూ మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోయాను. ఆ సాయంత్రమే మా ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, మర్నాడు తెనాలి వెళ్ళాను.

"ఇన్ఫెక్షన్ వచ్చిందండి. ఇక కుట్టను. ఓపెన్‌గానే మానాలి" అన్నాడు సర్జన్.

దేనికి సిగ్గుపడి పారిపోయానో అదే ఎదురైంది. మొదటిరోజు దిండులో మొహం దాచుకున్నాను.

"ముగ్గురు పిల్లల్ని కడిగి పెంచిన చేతులివి. కదలకండి" అంది మా ఆవిడ.

గాయం నెమ్మదిగా పూడింది. మధ్యలో ఒకసారి చీము పట్టి మళ్ళీ శుభ్రం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ధాన్యం బేరాలకు పక్క మండలం నగరం దాకా బండి మీద వెళుతున్నాను. సర్జన్ చెప్పినట్టు అక్కడ వెంట్రుకలు పెరగనివ్వడం లేదు. అదీ ఆవిడ పనే.

నాలాంటివాళ్ళకు ఒక్క మాట. గాయం ఎలా మూయాలో తేల్చుకునే రోజు డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్ళకండి. కట్టు కట్టబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఆ సాయంత్రం మీరేం చెప్పలేదు" అంది. "పంచెకు నెత్తురేంటండీ అని నేనడిగితే పారాణి అన్నారు. తెల్లారి జ్వరంతో పలవరిస్తుంటే నేనే కారెక్కించాను. అది రాయండి."