జెండా ఎత్తిన శుక్రవారం

దోహాలో మనిషి కనిపిస్తే చాలు, పని దానంతటదే వచ్చి మీద పడే కాలమది. చమురు డబ్బుతో ఊరంతా ఒక్కసారే కట్టేయాలని కంపెనీలన్నీ పంతం పట్టినట్టుండేవి. పొద్దున ఒక రోడ్డు మీదుగా కాలేజీకి వెళితే సాయంత్రానికి ఆ రోడ్డు ఉండేది కాదు. దాని స్థానంలో పెద్ద గొయ్యి, ఆ గొయ్యి చుట్టూ మనవాళ్ళు ఉండేవారు. (మనవాళ్ళంటే జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు వైపు వాళ్ళు. ఊళ్ళో అడిగితే అందరూ ‘దుబాయ్ పోయిండ్రు’ అనే చెప్పేవారు. ఖతర్ అంటే మా అమ్మమ్మ, “గది దుబాయ్‌ల ఏ వాడ?” అని అడిగేది.) అలాంటి కాలంలో కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చదువుకుంటానని కూర్చోవడం మా క్యాంపులో చాలామందికి ఒక జబ్బులా కనిపించేది. ఆ జబ్బుమనిషిని నేనే.

మా బాపు ఒక కట్టుబడి కంపెనీలో క్రేన్ ఆపరేటర్. ఆయన ఉండేది ఊరి బయట ముఐథర్ వైపు ఒక క్యాంపులో. నన్ను మాత్రం ఊరి మధ్య ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో, కంపెనీ బస్సు నడిపే, అందరూ ‘చిచ్చా’ (బాబాయ్) అని పిలిచే ఆయన గదిలో పెట్టాడు. చిచ్చాది నిజామాబాద్. తెలుగులో మాట మొదలుపెట్టి, దక్కనీలో తిట్టి, మళ్ళీ తెలుగులోకి వచ్చి బుజ్జగించడం ఆయన పద్ధతి. నన్ను చేర్పించింది ఒక టెక్నికల్ కాలేజీలో, ఏసీ మెకానిక్ సెక్షన్‌లో. చదువు మీద ప్రేమతో చేరానంటే కళ్ళు పోతాయి. నా ప్రేమంతా ఏసీ మీదే. మేం నేర్చుకోవడానికని పెట్టిన ఏసీలన్నీ ఆ ఒక్క గదిలో ఒక్కసారే నడిచేవి. బయట నిప్పులు కురుస్తుంటే లోపల మేం చేతులు రుద్దుకుంటూ కూర్చునేవాళ్ళం. పాఠాలు ఈజిప్టు సార్లు తమ ఇంగ్లీషులో చెప్పేవారు, నేను నా ఇంగ్లీషులో వినేవాణ్ణి. ఆ రెండూ ఎక్కడా కలిసేవి కావు. అయినా తల ఊపడం మాత్రం క్లాసులో నా అంత బాగా ఎవరికీ రాదు. దాంతో నేను తెలివైనవాణ్ణని సార్లు అనుకునేవారు, సార్లకు నా సంగతి తెలుసేమోనని నేను భయపడేవాణ్ణి.

ఎండలు కాస్త తగ్గి, సాయంత్రాలు చొక్కా ఒంటికి అంటుకోవడం మానగానే కాలేజీలో ఫుట్‌బాల్ మొదలైంది. సెక్షన్ల మధ్య పోటీలు. మా సెక్షన్‌లో ఉన్నవాళ్ళే తక్కువ కాబట్టి, ఆడటం వచ్చినా రాకపోయినా అందరి పేర్లూ టీములో రాసేశారు. నా జన్మలో అప్పటిదాకా కబడ్డీ తప్ప మరో ఆట ఎరగను. మొదటి ప్రాక్టీసులో బంతి నా దగ్గరికి రాగానే దాన్ని వదిలేసి, దాని వెనక వస్తున్నవాణ్ణి గట్టిగా పట్టుకున్నాను. మా కెప్టెన్ ఒక సూడానీ. తాటిచెట్టంత మనిషి, గొంతు మాత్రం చాలా మెత్తన. నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు మా టీముకు చాలా ముఖ్యం. అందుకని బయట ఉండు,” అన్నాడు. అది మెప్పో తిట్టో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కానీ జెర్సీ మాత్రం ఇచ్చారు. మోకాళ్ళ దాకా వచ్చే పచ్చ జెర్సీ. ఉతికి మా గది బయట తీగ మీద ఆరేస్తే చిచ్చా చూశాడు. ఇంకేముంది, మర్నాడు బస్సులో క్యాంపంతటికీ టాం టాం. “అరె, అప్నా బేటా కాలేజీ టీములో ఖేల్ రహా!”

సరిగ్గా అప్పుడే బాపుకు వాళ్ళ ఫోర్‌మన్ ఒక మాట వేశాడు. సైట్లో హెల్పర్ కావాలి, నీ కొడుకును పెట్టేస్తావా, శనివారం చెప్పు అని. క్యాంపులో నలుగురూ చేరి, “సదువేందే, ఫులూస్, పైసలు అస్తుంటె వద్దంటరా ఎవలన్న?” అని బాపు చెవి కొరికేశారు. గురువారం సాయంత్రం బాపు మా గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

“కొడుకా, సదువు నడుస్తున్నదా?”

“నడుస్తున్నది బాపూ.”

“నువ్వేం సదువుతున్నవో నాకైతె సమజైతలేదు. నీకన్న సమజైతున్నదా?”

అబద్ధం చెప్పాలంటే వెంటనే చెప్పాలి. నేను కొంచెం ఆలోచించాను. ఆ కొంచెమే కొంప ముంచింది. బాపు నా మొహం చూసి నిట్టూర్చాడు. “రేపు శుక్రారం నేనే అచ్చి సూస్త. మంచిగనిపిస్తె సదువుకో. లేకుంటె శనారం సంది సైటుకు నడువు,” అన్నాడు.

ఇక్కడొక చిక్కుంది. బాపుకు సెలవు శుక్రవారమే. కాలేజీకీ సెలవు శుక్రవారమే. శుక్రవారం కాలేజీలో జరిగేది ఆట ఒక్కటే. అంటే నా చదువు ఉండాలో ఊడాలో మా బాపు ఫుట్‌బాల్ చూసి తేల్చబోతున్నాడన్నమాట! ఆ ఆటలో నేనేమో ‘చాలా ముఖ్యమైన’ బయటి మనిషిని. ఆ రాత్రి అన్నం సహించలేదు. హెల్పర్ పని అంటే నాకు చిన్నచూపేమీ లేదు, భయం. ఆ ఎండ, ఆ కంకర, ఆ ఫోర్‌మన్ అరుపులు తలచుకుంటే ఏసీ గదిలో అర్థం కాని పాఠం అమృతంలా అనిపించింది.

శుక్రవారం నమాజు అయ్యాక గ్రౌండుకు వెళ్ళాను. గ్రౌండంటే గడ్డి అనుకునేరు. ఇసుక మీద సున్నం గీతలు, అంతే. ఒక్క నిమిషమన్నా నన్ను ఆడించమని బతిమాలుదామని కెప్టెన్ దగ్గరికి పోతే, ఆయన నా చేతిలో ఒక ఎర్ర జెండా పెట్టాడు. బంతి గీత దాటినా, తప్పు కనిపించినా జెండా ఎత్తడానికి ప్రతి సెక్షన్ నుంచీ ఒకణ్ణి లైన్ మీద నిలబెట్టాలట. ‘బయట ఉండు’ అన్న మాటకు అర్థం అప్పటికి తెలిసింది. నా క్లాసుమేటు కుట్టి, మలయాళీ కుర్రాడు, జాలిపడి నన్ను క్యాంటీన్‌కు లాక్కెళ్ళి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేర్పాడు. బల్ల మీద చాయ్ గ్లాసులు పేర్చి, “దేఖో, యే గ్లాస్ తుమ్, యే సమోసా గోల్‌కీపర్,” అన్నాడు. బంతి తన్నే క్షణానికి ఈ గ్లాసు ఆ గ్లాసుకన్నా ముందుంటే తప్పు, వెనక ఉంటే ఒప్పు, సరిసమానంగా ఉంటే ఆలోచించాలి అని చెప్పాడు. నేను మామూలుగానే తల ఊపాను. ఇంతలో వెనకనుంచి ఎవరో వచ్చి గోల్‌కీపర్‌ను తినేశారు. పాఠం అక్కడితో ఆగిపోయింది.

రిఫరీ మా వర్క్‌షాప్ సారు, ఈజిప్టు ఆయన. నా జెండా చూసి వేలు ఆడిస్తూ చెప్పాడు. “ఎత్తితే గట్టిగా ఎత్తు. ఎత్తాక, నేను నీ వైపు చూసి చెయ్యి ఊపేదాకా దించకు. దించావో, మార్కులు కోసేస్తాను.” ఆ రోజంతటిలో నాకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే.

ఆట మొదలవుతుండగా చిచ్చా బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. బాపు ఒక్కడే వస్తాడనుకున్నాను. క్యాంపు సగం దిగింది! అందరూ శుక్రవారం బట్టల్లో, తలకు నూనె పెట్టుకుని, సరిగ్గా నా వెనకే ఇసుకలో కూర్చున్నారు. “ఏందిరా, అందరు లోపట ఉంటె మనోడు బయట నిల్సున్నడు?” అని ఒక గొంతు. “ఆగురాదు, ఇంక పిలుస్తరు కావొచ్చు,” అని ఇంకో గొంతు. బాపు గొంతు మాత్రం వినిపించలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేదు.

కాసేపటికి బంతి నా ముందే గీత దాటి బయటికి పోయింది. జెండా ఎత్తాను. రిఫరీ ఈల వేశాడు. ఇరవై ఇద్దరూ టక్కున ఆగిపోయారు. వెనకాల క్యాంపంతా ఒక్కసారే లేచింది. “అరే! మనోడు ఎత్తంగనే ఆగిండ్రు!” “అరబ్బోల్లు గూడ ఆగిండ్రు సూడు!” “గిది సిగ్నల్‌మ్యాన్ డ్యూటీ రా భయ్! అచ్చి ఏడాది కాలే, అప్పుడే సిగ్నల్‌మ్యాన్ జేసిండ్రు!”

వాళ్ళనేమీ అనలేం. సైట్లో క్రేన్ కింద జెండా పట్టుకునే మనిషి మాటే మాట. ఆయన చెయ్యి ఎత్తితే ఎంత పెద్ద క్రేనైనా ఆగిపోతుంది, ఇంజనీరైనా నోరు మూసుకుంటాడు. హెల్పర్‌గా చేరినవాడు ఆ జెండా పట్టుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. కాబట్టి లోపల బంతి వెంట పరుగెత్తేవాళ్ళంతా కూలీలనీ, ఆట నడిపించేది నేననీ వాళ్ళు సునాయాసంగా తేల్చేసుకున్నారు. బంతి ఎక్కడున్నా వాళ్ళ చూపు నా మీదే. నేను జెండా ఎత్తినప్పుడల్లా ఈలలు, ఎత్తకపోతే “ఏమైందిరా, ఎత్తు ఒక్కసారి!” అని వేడుకోలు. ఆ ఊపులో అవసరం లేని చోట కూడా రెండుసార్లు ఎత్తేశాను. రిఫరీ కళ్ళెర్రజేశాడు. ఎగస్పార్టీ వాళ్ళు ఒక గోల్ కొట్టారు కూడానట. మా క్యాంపు ఆ సంగతి గమనించనే లేదు.

ఆట ఇక ముగుస్తుందనగా మా సెక్షన్‌వాళ్ళు బంతి తీసుకుని నా వైపున్న గోల్ మీదికి దూసుకొచ్చారు. ఎవరో వెనకనుంచి పొడుగ్గా తన్నారు. మా కెప్టెన్ అందరికన్నా ముందు ఒంటరిగా ఉన్నాడు. ఉన్నాడా, అప్పుడే వచ్చాడా? నా కళ్ళ ముందు చాయ్ గ్లాసులన్నీ గిర్రున తిరిగాయి. ఎత్తాలా వద్దా అని నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను, చెయ్యి నన్ను అడక్కుండానే లేచిపోయింది. అవతల కెప్టెన్ గోల్ కొట్టేశాడు. మావాళ్ళు గంతులు వేశారు. ఈల మోగింది. రిఫరీ నా జెండా చూపించి గోల్ లేదన్నాడు.

ఇక చూడండి నా సామిరంగా! మా సెక్షన్ అంతా నా మీదికి వచ్చి పడింది. అరబ్బీలో, ఉర్దూలో, మలయాళంలో తిట్లు. మెత్తని గొంతు కెప్టెన్ కూడా నా ముక్కు మీదికి వంగి, “డౌన్! జెండా డౌన్!” అని గర్జించాడు. కుట్టి జుట్టు పీక్కుంటున్నాడు. దించేద్దామనే ఉంది నాకు. కానీ సారు నా వైపు చూసి చెయ్యి ఊపలేదే! ఆయనను అవతల ఇంకో గుంపు చుట్టుముట్టి ఉంది. ఆయన వీపు తప్ప నాకేమీ కనిపించడం లేదు. దించితే మార్కులు పోతాయి, దించకపోతే ప్రాణం పోతుంది. ఏది ముందు పోతే మంచిదో తోచక, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి అలాగే నిటారుగా ఎత్తి నిలబడిపోయాను. భుజం లాగేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి సారు గుంపులోంచి బయటపడి చెయ్యి ఊపాకే దించాను. ఆట ముగిసింది, మేం ఓడిపోయాం, పోటీలోంచి కూడా ఊడిపోయాం.

బస్సులో బాపు పక్కన కూర్చున్నాను. వెనక సీట్లలో నా జెండా గురించి ఒకటే లొల్లి. చిచ్చా అద్దంలోంచి నన్ను చూసి, “క్యా మియా, సొంత టీమునే ముంచినవ్ కదా, హౌలే!” అని నవ్వాడు. అయిపోయింది, ఫుట్‌బాల్ తెలిసిన మనిషి ఒకడున్నాడు, ఇక బాపుకు అంతా విప్పి చెబుతాడు అనుకున్నాను. బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మా గది దగ్గర నాతో పాటు తనూ దిగాడు.

“మనోల్లే గదా గా పచ్చంగీలోల్లు?” అన్నాడు.

“అవ్ బాపూ.”

“మనోల్లే మీదికచ్చి ఒర్లిండ్రు. అయినా చెయ్యి దించలే నువ్వు.”

ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు సైటు మాట ఎత్తుతాడు అని నేల చూస్తూ నిలబడ్డాను. బాపు మాత్రం వేరే సంగతి ఎత్తాడు. “పోయినేడు మా సైట్ల సిగ్నల్‌మ్యాన్ ఆగుమని చెయ్యి ఎత్తిండు. ఫోర్‌మన్ జల్ది జల్ది అని ఒర్లిండు. గాయిన బుగులువడి చెయ్యి దించిండు. నేను బరువు దించిన. కింద మన మెట్‌పల్లి పిలగాడున్నడు కొడుకా. కాలు వోయింది. నాకు పైనుంచి ఏం కనవడది, గాయిన చెయ్యే నా కండ్లు.” నా భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు సదువుకో. ఫోర్‌మన్‌కు నేను జెప్త.”

మార్కుల భయంతో పట్టుకున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. జెండా దించమని నన్ను తిట్టారని ఏడుస్తున్నాననుకుని బాపు నాకు పక్క కొట్లో చిక్కటి కరక్ చాయ్ ఇప్పించాడు.

ఆ చదువుతోనే నేను ఖతర్‌లో పెద్ద పెద్ద భవనాలకు ఏసీలు బిగించాను, పెళ్ళి చేసుకున్నాను, అల్ ముంతజాలో కాపురం పెట్టాను. కుట్టిని ఎప్పుడు కలిసినా ఆ గోల్ సంగతి అడిగేవాణ్ణి. ఒకసారి నా జెండా సరైనదే అనేవాడు, ఇంకోసారి ముమ్మాటికీ తప్పే అనేవాడు. బాపు మాత్రం పని మానేసి ఊరు చేరాక ఇంటికి ఎవరొచ్చినా ఈ కథే చెప్పేవాడు. ఏటికేడూ నా మీదికొచ్చిన జనం పెరిగిపోయేవారు. ఒకసారి సెలవుకు వెళ్ళినప్పుడు వినలేక, నడివయసు దాటిన నేను ఆయన ముందు చేతులు కట్టుకుని అసలు సంగతి చెప్పేశాను. “బాపూ, ధైర్యమూ లేదు, ఏమీ లేదు. ఎప్పుడు దించాల్నో తెల్వక పట్టుకున్న.”

బాధపడతాడేమో అని నేను కుంచించుకుపోతుంటే, బాపు పళ్ళూడిన నోటితో నవ్వడం మొదలుపెట్టాడు. “తెల్వనప్పుడు దించద్దు కొడుకా. సైట్ల గూడ గంతే,” అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, ఇన్నేళ్ళ నుంచీ కడుపులో పెట్టుకున్నట్టున్న ప్రశ్న అడిగాడు. “ఇంతకు గా గోల్ అయినట్టా, కానట్టా?”

నలభై ఏళ్ళ సర్వీసు, నెరిసిన జుట్టు, అంతటి పెద్దమనిషిని నేను మొదట మామూలుగా తల ఊపాను. ఆ తర్వాత నిజం చెప్పాను. “ఏమో బాపూ, నాకిప్పటికీ సమజు కాలే.”