సుజాతమ్మ పెంచిన బూజు

జాడీలో ఊరగాయ మీద చుక్క బూజు కనబడితే సుజాతమ్మకు ఆ పూట అన్నం సహించదు. అలాంటి మనిషి యాభై రెండో ఏట, బాగేపల్లి దగ్గరి తన ఇంట్లో, కావాలని బూజు పెంచింది.

దానికి కారణం ఆమె మొగుడు వెంకటరమణప్ప. ముందటేడు వాళ్ల అనపచిక్కుడు చేనికి పేనుబంక పట్టింది. కొనలనూ పూతనూ నల్లగా కమ్ముకుని రసం పీల్చేసే పురుగది. ముఖానికి గుడ్డయినా కట్టుకోకుండా మందు కొట్టిన ఆయన, గట్టెక్కగానే కళ్లు తిరిగి పడిపోయాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఆయన తల దగ్గర కూర్చున్న సుజాతమ్మ, ఇంటికొచ్చాక ఒకటే మాట అంది.

"ఇంగ ఆ విషం మన చేన్లోకి రాకూడదు."

చింతామణిలో రైతులకు తరబేతి, అంటే శిక్షణ, ఇస్తున్నారని విని ఒక్కతే బస్సెక్కింది. పేనును పట్టి చంపే తెల్లబూజు ఒకటుందనీ, ఉడికించిన నూకల మీద దాన్ని ఇంట్లోనే పెంచుకోవచ్చనీ అక్కడ నేర్చుకుంది. తల్లిబూజు సీసా తెచ్చి, నూకలు కుక్కర్లో ఉడికించి, చల్లారాక దాన్ని కలిపి, కవర్లు కట్టి మూలగదిలో పెట్టింది. పది రోజులకు కవర్లన్నీ దూది కూరినట్టు తెల్లబడ్డాయి.

పదకొండో రోజు సుజాతమ్మ చేనికి పోయినప్పుడు అత్త హనుమక్క వాటిని చూసింది. కోడలు చేని నుంచి వచ్చేసరికి గది ఖాళీ.

"అత్తా, కవర్లు యాడ పెట్టినావు?"

"బూజు పట్టినాయి కదమ్మా. నువ్వు చూస్తే బాధపడతావని దిబ్బలో పారేసినా."

సుజాతమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మళ్లీ బస్సెక్కింది. ఈసారి నూకలు ఉడికించేటప్పుడు అత్తను పక్కనే కూర్చోబెట్టుకుంది. గది తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చింది.

మంచు కురిసే రోజుల్లో చేనికి మళ్లీ పేను పట్టింది. ఒక సాయంత్రం ఎండ దిగాక, బూజును నీళ్లలో కలిపి వడగట్టి చేనంతా తానే కొట్టింది. నాలుగు రోజులైనా పేను తగ్గలేదు. వెంకటరమణప్ప చెప్పులేసుకున్నాడు.

"పూత రాలిపోతాండాది. అంగడికి పోయి మందు తెస్తా."

"ఇంగ మూడు దినాలు ఆగప్పా. నువ్వు మల్లా పడిపోతే నేను చూడలేను."

ఆయన చెప్పులు విడిచాడు.

ఏడో రోజు పొద్దున ఆయనే ముందు చేనికి పోయి ఒక ఆకు తెచ్చాడు. దాని అడుగున పేలు, ఒంటినిండా తెల్లనూగుతో, కదలకుండా అతుక్కుని ఉన్నాయి.

"చూడు మే, నీ బూజు పని చేస్తాండాది!"

హనుమక్క ఆకును వెలుతురుకు పట్టి చూసి, "నేను కావలి కాసిన బూజు" అంది.

అంచున రెండు సాళ్లు పోయాయి. మిగతా చేను బాగానే కాసింది. ఆ మాట విని సాదలి నుంచి ఆంజనేయప్ప అనే రైతు వచ్చాడు.

"నాకూ రెండు కవర్లియ్యమ్మా."

"నీకు పట్టుపురుగులుండాయా అప్పా?"

"ఉండాయి. చేను పక్కనే షెడ్డు."

"అట్లయితే ఈలేను. ఇట్లాంటి బూజులు పట్టుపురుక్కీ తగలొచ్చని తరబేతిలో చెప్పినారు."

అంత దూరం వచ్చిన మనిషి ముఖం చిన్నబోయింది. సుజాతమ్మ ఆయనకు రాగిముద్ద, పొట్టు తీసిన అనపగింజల పితికిపప్పు పులుసు పెట్టి పంపింది. మనసొప్పక మరునాడు మొగుణ్ని వెంటబెట్టుకుని తానే సాదలికి పోయింది. పేను గుంపుకట్టిన కొనలను ఎట్లా తుంచి పూడ్చాలో చూపించింది. మధ్యాహ్నానికి ముగ్గురూ కలిసి సగం చేను తుంచారు.