ఎదురు షాపావిడ కూడా కడుతోందా?

ఒక అబద్ధాన్ని కక్కలేక మింగలేక ఇన్నేళ్ళు గడిపాను. మా ఆయనకి చెప్పలేదు. కలిసి పనిచేసినవాళ్ళకి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను సమర్థించుకుంటున్నట్టు అనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

రెండువేల సంవత్సరం దాటాక తొలి ఏళ్ళు. ఢిల్లీలో ఒక పన్నుల ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌గా ఉండేదాన్ని. బ్యూటీ పార్లర్ల మీద కొత్తగా సేవా పన్ను వేశారు. పార్లర్లకి వెళ్ళి, యజమానులకి చట్టం వివరించి, పేరు నమోదు చేయించి, బకాయితో సహా కట్టించాలి. ఆడమనిషిని కాబట్టి ఆ పని నాకు అప్పగించారు.

మయూర్ విహార్ వైపు ఒక మార్కెట్‌లో రెండు పార్లర్లు ఎదురెదురుగా ఉండేవి. ఇంచుమించు ఒకే సైజు, ఒకే రేట్లు, ఒకే గిరాకీ. అందులో ఒకటి మంజుది. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఇల్లు ఆమె సంపాదన మీదే నడిచేది. ఎదురు పార్లర్ యజమానురాలు మా పై అధికారి భార్యకి స్నేహితురాలు. నేను బయల్దేరబోతుంటే ఆయన పిలిచి, "ఆ షాపు సంగతి నేను చూసుకుంటాను మేడమ్, మీరు వెళ్ళొద్దు" అన్నాడు. అంతే. నేను "సరే సర్" అన్నాను.

ఎందుకన్నాను? ఆ ఏడు మా అమ్మాయి పదో తరగతి. నన్ను ఏ మూలకో బదిలీ చేస్తే? ఉన్నపళంగా క్వార్టర్ ఖాళీ చేయమంటే? ఆయన నన్ను బెదిరించలేదు. బెదిరింపు కూడా నేనే ఊహించుకుని, దానికి నేనే లొంగిపోయాను.

మంజు టీ తెప్పించింది. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. ఏడవలేదు. బతిమాలలేదు. ఒక్కటే అడిగింది.

"దీదీ, ఎదురు షాపావిడ కూడా కడుతోందా?"

"కడుతోంది."

"సచ్? నిజంగా మీకు తెలుసా?"

"నేనే కట్టించాను. చట్టం అందరికీ ఒకటే కదా."

ఆమె ముఖం తేటపడింది. "అయితే ఠీక్ హై దీదీ. అందరికీ పడేదే నాకూ పడితే బాధ లేదు. నా ఒక్కదాని మీదే పడిందేమోనని భయపడ్డాను."

ఎదురు షాపుకి వెళ్ళొద్దని పై అధికారి చెప్పాడు. అబద్ధం చెప్పమని ఎవరూ చెప్పలేదు. వేరేవాళ్ళ వివరాలు బయటపెట్టకూడదని అని ఉంటే సరిపోయేది. అది మా నిబంధన కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది. మరి ఎందుకు ఆగింది? చాలాకాలం భయం వల్లే అనుకున్నాను. కాదు. ఆమె ముందు న్యాయంగల అధికారిగా కనబడాలనిపించింది. అన్యాయం చేస్తూనే ఆ పేరు కూడా కావాలనుకున్నాను. భయాన్నైనా ఎవరో ఒకరు అర్థం చేసుకుంటారేమో, దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు?

మంజు పన్ను కలిపి బిల్లులు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే పని ఎదురుగా తక్కువకి అవుతుంటే ఎవరు మాత్రం ఎక్కువిస్తారు? కొన్ని నెలల తరవాత ఆఫీసుకి ఫోన్ చేసింది. పన్ను కడుతూ కూడా ఆవిడ పాత రేట్లకే ఎలా చేయగలుగుతోందో అర్థం కావడం లేదని, తనే ఏదో తప్పు చేస్తున్నానేమో అనిపిస్తోందని చెప్పింది. నేను ఖర్చులు తగ్గించుకోమని సలహా ఇచ్చాను. అవును, సలహా ఇచ్చాను. తరవాత చాలా రోజులు బల్ల మీద ఫోన్ మోగితే పక్కవాళ్ళని తియ్యమనేదాన్ని.

ఆమె పార్లర్ మూసేసిందని మరో ఇన్‌స్పెక్టర్ చెబితే తెలిసింది. ఆ తరవాత కొన్నాళ్ళకి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి పాఠం చెప్పమని నన్నే పంపారు. ఒకే స్థితిలో ఉన్న ఇద్దరి మీద ఒకే భారం పడాలని, ఒకరిని వదిలేస్తే ఆ బరువు రెండోవాళ్ళ మెడ మీద పడుతుందని గట్టిగా చెప్పాను. బాగా చెప్పానన్నారు. నిజమే. నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆమెని కొన్నేళ్ళకి మళ్ళీ చూశాను. మా అమ్మాయి కాలేజీ స్నేహితురాలి పెళ్ళికి వెళ్తూ, "మమ్మీ, ఆప్ భీ చలో, నువ్వూ రా" అంటూ నన్ను పార్లర్‌కి లాక్కెళ్ళింది. ఏ మార్కెట్టో ఆటో దిగాకగానీ గమనించలేదు. అది ఆ ఎదురు షాపు. లోపల, ఆ షాపు ఏప్రన్ వేసుకుని, మంజు.

వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. అమ్మాయికి ఏం చెప్పాలి? కుర్చీలో కూర్చున్నాను. మంజు వచ్చి నా కనుబొమలకి దారం పట్టింది. కళ్ళు మూసుకోమంది. ఆమె ఊపిరి నా నుదుటికి తగులుతోంది. గుర్తుపట్టిందా? ఇక్కడ పనిచేస్తూ, ఈ షాపు ఎన్నడూ ఏమీ కట్టలేదని తెలుసుకోకుండా ఉంటుందా?

"నొప్పి పెడుతోందా దీదీ?"

"లేదు."

ఇంకేమైనా అంటుందని చూశాను. తిట్టినా బాగుండేది. పని ముగించి, నా ముఖానికి అద్దం చూపించి, పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. అందరినీ దీదీ అనే అంటారు. కాబట్టి నన్ను గుర్తుపట్టిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. గుర్తుపట్టి ఊరుకుందేమో అన్న అనుమానమే నన్ను ఎక్కువగా తినేస్తుంది.

తరవాత ఒకసారి క్షమించమని అడగడానికి బయల్దేరి, సగం దూరంలో బస్సు దిగిపోయాను. మరోసారి ధైర్యం చేసి వెళ్ళేసరికి ఆమె పని మానేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో షాపువాళ్ళకీ తెలియదు. వెతికానా? నిజం చెప్పాలంటే, ఇల్లు చేరేసరికి నా మనసు కాస్త తేలికపడింది. దానికి ఇంకా సిగ్గుపడుతున్నాను.

రిటైరయ్యాను. నా మీద ఏ మచ్చా లేదు, పెన్షన్ సక్రమంగా వస్తోంది. మీరు నన్ను క్షమించనక్కర్లేదు; ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకూ లేదు. ఒక్క వాక్యం మాత్రం ఇంతవరకూ ఎక్కడా పూర్తిగా అనలేకపోయాను. మంజు నన్ను నమ్మి అడిగింది, నేను తెలిసి తెలిసి అబద్ధం చెప్పాను. రాశాను. ఇక కొట్టెయ్యను.